గువ్వలచెరువు ఘాట్‌లో చిటపట: నింద మాత్రం పెట్రోల్ మీద

2025 మే నెలలో ఒక గవర్నమెంటు టీచరు మా షెడ్డు ముందు కారాపి, తాళం చెవికంటే ముందు ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. జనవరి నుంచి పోయించిన ప్రతి పెట్రోలు అందులో ఉంది. తేదీ, ఏ బంకు, ఎన్ని లీటర్లు, మీటర్ రీడింగు, చివరి గడిలో ఒక మార్కు. శబ్దం గట్టిగా వస్తే రెండు ఇంటూలు, కొంచెం వస్తే ఒకటి, రాకపోతే టిక్కు. ఇరవై ఏళ్లుగా కడపలో కార్లు విప్పుతున్నాను, ఇంత శుభ్రమైన కంప్లయింటు నాకెప్పుడూ రాలేదు. చాలామంది "ఏదో తేడాగా ఉందన్నా" అని చెప్పి టీకి పోతారు.

సారు కడపలో ఉద్యోగం, సొంతూరు రాయచోటి దగ్గర. వారం వారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కాల్సిందే. కారు 2021 మోడలు, లీటరు టర్బో పెట్రోల్ ఇంజను, మూడు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్, మాన్యువల్ గేర్లు. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ కథలో దాని తప్పేమీ లేదు కాబట్టి.

"ఘాట్ ఎక్కుతాంటే పెనం మీద ఆవాలు చిట్లినట్టు శబ్దం వస్తాందన్నా. ఏసీ ఆపితే తగ్గుతాది. మైలేజీ కూడా పడిపోయింది. బంకులు మార్చి మార్చి చూసినా, ఈ ఊళ్లో మంచి పెట్రోల్ యాడా దొరకడం లేదు" అన్నారు.

నోటుబుక్కు చూస్తే ఆయన మాట నిజమే అనిపిస్తుంది. మూడు కంపెనీల బంకుల్లో మామూలు పెట్రోలు పోయించారు, అన్నిటికీ రెండు ఇంటూలు. ప్రీమియం పెట్రోలుకు ఒక ఇంటూ. బెంగళూరులో కొడుకు దగ్గరికి పోయినప్పుడు అక్కడ వంద ఆక్టేన్ పెట్రోలు ఫుల్ ట్యాంకు కొట్టించుకుని వచ్చారు, ఆ వారం టిక్కు. అప్పట్లో మన దగ్గర మామూలు పెట్రోలు నూట పది రూపాయల దగ్గరుంటే, వంద ఆక్టేన్‌ది నూట అరవై దాకా ఉండేది. ఆ టిక్కు ఖరీదు లీటరుకు యాభై రూపాయలన్నమాట. నెల నెలా బెంగళూరు నుంచి పెట్రోలు తెప్పించుకోవచ్చా అని కూడా అడిగారు. క్యాన్లలో పెట్రోలు తేవడం ఎంత ప్రమాదమో చెప్పి అక్కడితో ఆ మాట ఆపించాను.

ఆక్టేన్ అంటే ఏంటో ముందు చెప్పుకోవాలి. ఎందుకంటే సారుకే కాదు, నా దగ్గరికొచ్చే నూటికి తొంభై మందికి ఆక్టేన్ ఎక్కువ అంటే పవర్ ఎక్కువ అనే నమ్మకం ఉంది. కాదు. సిలిండర్లో పెట్రోలు, గాలి కలిసి నలిగి వేడెక్కినప్పుడు, ప్లగ్ నుంచి మొదలైన మంట తన దాకా వచ్చేలోపు తనంతట తాను భగ్గుమనకుండా ఎంతసేపు ఓర్చుకోగలదో చెప్పేది ఆక్టేన్ నంబరు. ఓర్పు మాత్రమే, బలం కాదు. 91 ఆక్టేన్ అంటే పరీక్ష ఇంజనులో అది 91 పాళ్లు బాగా ఓర్చుకునే ఐసో ఆక్టేన్, 9 పాళ్లు అసలు ఓర్చుకోని హెప్టేన్ కలిపిన మిశ్రమంలా ప్రవర్తించిందని అర్థం. ఓర్పు చాలకపోతే మూలన మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలి పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దాన్నే మేము నాక్ అంటాం. ఇప్పటి ఇంజన్లలో నాక్ సెన్సార్ అది పసిగట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ స్పార్క్ టైమింగును కొన్ని డిగ్రీలు వెనక్కి లాగుతుంది, అంటే ప్లగ్గు నిప్పు కాస్త ఆలస్యంగా రగిలేలా చేస్తుంది. ఇంజను బతుకుతుంది, కానీ పికప్, మైలేజీ రెండూ తగ్గుతాయి.

కాబట్టి ఇంజను అడిగినంత ఆక్టేన్ ఉంటే చాలు. అడగని దానికి పోస్తే ఆ డబ్బు బంకులో వదిలేసి వచ్చినట్టే. సారు కారు పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ మీద 91 అని స్పష్టంగా ఉంది.

ఇక్కడే ఒక తిరకాసు. బీఎస్6 అనే ప్రభుత్వ కాలుష్య ప్రమాణంలో మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక అది 95 దాకా పెరిగిందని పెట్రోలియం శాఖే చెప్పింది. ఇథనాల్‌కు సొంతంగా నూటికి పైనే ఆక్టేన్ ఉంటుంది మరి. అంటే 91 అడిగే ఇంజనులో 95 పోస్తుంటే కూడా నాక్ వస్తోంది. మూడు బంకుల్లోనూ వస్తోంది. అప్పుడు నేను అనుకోవాల్సింది ఒక్కటే: ఈ ఇంజను ఎందుకు ఇంత ఆక్టేన్ అడుగుతోంది? ఇప్పుడు రాస్తుంటే ఇంత తేలిగ్గా తోస్తోంది కానీ, ఆ రోజు నేనూ పెట్రోలు వెంటే పడ్డాను.

మొదట కల్తీ అనుమానం తీర్చుకుందామని సారును వెంటబెట్టుకుని ఆయన ఎక్కువగా పోయించే బంకుకు వెళ్లాను. ఏ బంకులోనైనా మనం అడిగితే చూపించాల్సినవి మూడున్నాయి, కానీ అడిగేవాళ్లే తక్కువ. ఒకటి సాంద్రత. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు, థర్మామీటరు, గాజు జాడీ అక్కడ ఉండాలి. మేం చూసినప్పుడు పెట్రోలు వేడి 38 డిగ్రీలు, హైడ్రోమీటరు 725 చూపించింది. టేబుల్ చూసి 15 డిగ్రీలకు మారిస్తే 745 వచ్చింది. ఆ ఉదయం బంకు రిజిస్టర్లో రాసింది కూడా 745. తేడా మూడు లోపల ఉంటే సరే, ఇక్కడ అసలు తేడానే లేదు. ఎండాకాలం మన ఊళ్లో నేరుగా 725 చూసి "చూడన్నా, తక్కువుంది, కిరోసిన్ కలిపినారు" అని గొడవపడే వాళ్లను చూశాను. కిరోసిన్ కలిస్తే సాంద్రత పెరుగుతుందే కానీ తగ్గదు. వేడిని లెక్కలోకి తీసుకోకుండా ఆ నంబరుకు అర్థం లేదు.

రెండోది ఫిల్టర్ పేపర్. నాజిల్ అంచు తుడిచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. ఆరిపోయింది. ప్రీమియం పెట్రోలుకైతే లేత రంగు మిగలొచ్చు, అది కలిపిన రంగు, కల్తీ కాదు. మూడోది ఐదు లీటర్ల కొలత పాత్ర. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన పాత్రలో పోసి చూస్తే గీత దగ్గరికే వచ్చింది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు.

పెట్రోలు మంచిదని తేలింది. సారు మొహంలో మాత్రం నమ్మకం లేదు.

తర్వాత నేను చేసింది తప్పు. 52 వేల కిలోమీటర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్, మైలేజీ డౌన్ అనగానే "కార్బన్", అంటే లోపల మసి పేరుకుంది, అనేసుకున్నాను. ఇంజెక్టర్లు విప్పి క్లీనింగు చేసి, ట్యాంకులో ఒక సీసా క్లీనర్ పోసి పంపించాను. మూడు రోజుల్లో ఫోను. "అన్నా, అదే ఆవాల పోపు." ఆయన నవ్వుతూనే అన్నారు కానీ నాకు తల కొట్టేసినట్టైంది.

కార్బన్ గురించి ఒక మాట మాత్రం చెప్పాలి, సారు కూడా ఇదే అడిగారు కాబట్టి. ప్రీమియం పెట్రోల్లో ఎక్కువ మోతాదులో క్లీనింగ్ మందు కలుపుతారు, అది సిలిండర్లోకి గాలి వదిలే ఇన్‌టేక్ వాల్వులు కడుగుతుందని ప్రకటనల్లో చూసి ఆయన కొన్నాళ్లు అదే పోయించారు. పాత పద్ధతి ఇంజన్లలో ఇంజెక్టరు వాల్వు మీదే చిమ్ముతుంది, అక్కడ ఆ మందు పని చేస్తుంది. ఈయన ఇంజనులో ఇంజెక్టరు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది. పెట్రోలు వాల్వు వెనక భాగాన్ని తాకనే తాకదు. ఇంజెక్టరు మొనకు, పిస్టన్ నెత్తికి మేలు ఉండొచ్చు. వాల్వు వెనక పేరుకున్నది మాత్రం మేనిఫోల్డు విప్పి చేత్తో గీకాల్సిందే, ఏ బ్రాండు పెట్రోలూ దాన్ని వదిలించలేదు.

రెండోసారి నేను షెడ్డులో కూర్చోలేదు. కారు కంప్యూటర్ లెక్కలు చూపించే స్కానర్ పెట్టుకుని సారు పక్కన ఎక్కాను. మధ్యాహ్నం రెండు గంటలు, బయట 42 డిగ్రీలు, ఏసీ ఫుల్. రాయచోటి రోడ్డు మీద మైదానంలో ఏమీ లేదు, టైమింగు దాని చోట అది ఉంది. ఘాట్ మొదలై రెండు మలుపులు తిరగ్గానే ముందు లారీ. సారు నాలుగో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కారు, ఇంజను పదిహేను వందల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మూలుగుతోంది. చిటపట మొదలైంది. స్కానర్లో రెండో సిలిండరుకు టైమింగు ఎనిమిది డిగ్రీలు వెనక్కి పోయింది, మిగతా రెంటికీ ఆరేసి.

"గేరు దించండి సార్" అన్నాను.

"దించితే పెట్రోల్ తాగుతాది కదన్నా."

దించారు. మూడో గేరులో ఇరవై రెండు వందల దగ్గర చిటపట తగ్గింది, టైమింగు మాత్రం ఐదు డిగ్రీల దగ్గరే వెనకబడి ఉంది. అంటే తోలే తీరు కొంత కారణం, అంతా అదే కాదు. టర్బో ఇంజనును తక్కువ ఆర్‌పీఎంలో ఎత్తు మీద తొక్కితే సిలిండర్లో ఒత్తిడి ఎక్కువసేపు నిలబడుతుంది, నాక్‌కు అంతకంటే మంచి చోటు ఉండదు. పెట్రోలు మిగులుతుందనుకుని గేరు దించకపోతే కంప్యూటర్ టైమింగు లాగేసి, మిగిలిన దానికంటే ఎక్కువ తినేస్తుంది. కూలెంటు వేడి, లోపలికొచ్చే గాలి వేడి రెండూ ఉండాల్సినంతే ఉన్నాయి. రేడియేటరు ఫ్యాను తిరుగుతోంది.

గువ్వలచెరువులో ఆగి పాలకోవా తింటూ, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. "సార్, ఈ శబ్దం మొదలవకముందు కారుకు ఏం చేయించినారు?"

"ఏమీ లేదన్నా. జనవరిలో ఇల్లు మారినాము, అప్పటి నుంచి బంకు మారింది. అందుకే గదా పెట్రోల్ మీద అనుమానం."

"కారుకు, సార్."

కాసేపు ఆలోచించారు. సంక్రాంతికి ఊరెళ్తుంటే దారిలో ఇంజను వణికిందట. ఒక చోట ఆపితే ప్లగ్గులు పోయాయని మూడూ మార్చారట. బాగానే నడిచింది, బిల్లు కూడా తక్కువే, అందుకని మనసులో ఉంచుకోలేదు. నోటుబుక్కులో పెట్రోలు తప్ప వేరే గడి లేదు కదా, అందుకే అందులోనూ లేదు. ఇల్లు, బంకు, ప్లగ్గులు, మూడూ ఒకే వారంలో మారాయి. ఆయన కంటికి కనిపించింది బంకు ఒక్కటే.

షెడ్డుకొచ్చి ఇంజను చల్లారాక ప్లగ్గులు విప్పాను. మొన పింగాణీ గోధుమ రంగులో ఉండాలి. ఇవి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, రెండో సిలిండరుదాని పక్క ఎలక్ట్రోడు అంచు నీలంగా కాలింది. వేడి ఎక్కువైన ప్లగ్గు ముఖం ఇదే.

ప్లగ్గుకు సైజు ఒక్కటే కాదు, హీట్ రేంజ్ అని ఒకటుంటుంది. తన మొన వేడిని ఎంత త్వరగా సిలిండర్ హెడ్డుకు వదిలేస్తుందో దాన్ని బట్టి చల్లని ప్లగ్గు, వేడి ప్లగ్గు అంటాం. టర్బో ఇంజన్లకు చల్లనివి కావాలి. పెట్టె మీద నంబరు చూసి తెలుసుకోవాలి, కానీ ఆ నంబరు అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఎన్‌జీకే, డెన్సో వాళ్లవైతే నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్ వాళ్లదైతే తిరగబడి, నంబరు పెరిగేకొద్దీ వేడిది. కారుతో వచ్చిన ప్లగ్గు ఎన్‌జీకే లెక్కలో 8. బిగించింది బాష్ లెక్కలో 7. "ఒక్క నంబరే కదా తేడా, మర చుట్టు సరిపోయింది" అనుకుని ఉంటారు. బాష్ 7 ఎన్‌జీకే లెక్కలో 6 దగ్గరికి వస్తుంది. అంటే ఇంజను అడిగిన దానికన్నా రెండు మెట్లు వేడి ప్లగ్గు. ప్లగ్గు మంచిదే, కంపెనీ మంచిదే, ఆ ఇంజనుకు మాత్రం అది కాదు. మామూలు ఇంజన్లు చూసి చూసి ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా జరిగే పొరపాటు, నేనూ కొత్తలో ఒక బైకుకు చేశాను.

సిటీలో ఈ వేడి ప్లగ్గు ఏమీ అనదు. ఘాట్‌లో ఏసీ వేసి ఎత్తు ఎక్కేటప్పుడు మొన నిప్పుకణికలా మారి చుట్టూ ఉన్న మిశ్రమాన్ని ముందే వేడెక్కిస్తుంది, ఒక్కోసారి స్పార్క్ రాకముందే అంటించేస్తుంది. అప్పుడు మిగిలిన మిశ్రమానికి ఓర్పు చాలదు. ప్రీమియం పెట్రోలు ఆ ఓర్పు కొంచెం పెంచింది, వంద ఆక్టేన్ ఇంకా పెంచింది. నోటుబుక్కులో ఇంటూలు, టిక్కు అన్నీ నిజమే. జబ్బు ప్లగ్గుది, ఆక్టేన్ నొప్పి మాత్ర. ఇలాగే మాత్ర మింగుతూ తిరిగితే ఏదో ఒక రోజు పిస్టన్ అంచు కరిగేది.

మాన్యువల్లో ఉన్న నంబరు ప్లగ్గులు తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. బిగించి, ట్యాంకులో అదే బంకు మామూలు పెట్రోలే ఉంచి, అదే మధ్యాహ్నం వేళ మళ్లీ ఘాట్. మూడో గేరులో టైమింగు ఒక డిగ్రీ అటూ ఇటూ. కావాలని నాలుగో గేరులో తొక్కించాను, మూడు డిగ్రీలు పోయింది కానీ చెవికి శబ్దం లేదు. వాల్వుల వెనక కార్బన్ కొంత ఉండే ఉంటుంది. దాన్ని ఇప్పుడే విప్పొద్దన్నాను, అరవై వేలకు చూద్దాం.

మైలేజీ లెక్క విడిగా చూడాలి. కిందటేడాది హైవేలో పదహారున్నర వచ్చేదట, మే నెలలో పద్నాలుగు. ప్లగ్గులు మార్చాక రెండు ట్యాంకులు ఫుల్ టు ఫుల్ చూస్తే పదిహేనున్నర దాటింది. మిగిలిన లోటు ఏదని సారు అడిగారు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. పది శాతం ఉన్నచోట ఇరవై శాతం చేస్తే లీటరు శక్తిలో మూడు శాతం పైన పోతుంది. పదహారున్నరలో అర కిలోమీటరు అక్కడే పోయింది. మిగతాది ఎండలో ఏసీ. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు ఈ20 తట్టుకునే రబ్బర్లు, సీళ్లు పెడుతున్నారు. ఈయనది అంతకు ముందు బండి, కాబట్టి పెట్రోలు పైపులు, ట్యాంకు మూత రబ్బరు ఒకసారి చూశాను, పగుళ్లు లేవు. ఏడాదికోసారి చూపించుకోమన్నాను.

ఇక ఏ కంపెనీ పెట్రోలు మంచిది? ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ మూడింటికీ మామూలు పెట్రోలుకు ఒకే ప్రభుత్వ ప్రమాణం. ఒకరి డిపో నుంచి ఇంకొకరు సరుకు తీసుకోవడం మామూలే, తర్వాత కలిపే మందుల్లోనే తేడా. ప్రీమియం బోర్డు మీద 95 అని పెద్దగా రాస్తారు. ఈ20 రోజుల్లో ఆ 95ని చూసి లీటరుకు ఎక్కువ డబ్బు పెట్టడంలో నాకైతే అర్థం కనిపించడం లేదు, మందు కోసం పెడతామంటే అది వేరే సంగతి. మాన్యువల్లో 95కి పైన కావాలని రాసున్న ఖరీదైన కార్లకు 97, 99, 100 అవసరమే, వాళ్లు బేరమాడకూడదు. ఎనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాకులో వంద ఆక్టేన్ పోయించి "బండి తేలికగా పోతాంది" అనే వాళ్లతో నేను వాదించను.

కంపెనీకంటే బంకు ముఖ్యం అన్నాను సారుతో. రోజూ లోడు దిగేంత అమ్మకం ఉన్న బంకు చూసుకోండి. ఈ20లో నీళ్లు చేరితే ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుక్కు చేరుతుంది, కాబట్టి వానలు పడేటప్పుడు అమ్మకం లేక నిలవున్న ట్యాంకు మంచిది కాదు. ట్యాంకరు సరుకు దింపుతున్నప్పుడు పోయించకండి, అడుగున పేరుకున్నది కదులుతుంది. మీ బండిని కూడా నెలల తరబడి కొద్దిపాటి పెట్రోలుతో నిలబెట్టొద్దు. ఒకే బంకులో పోయిస్తుంటే ఏదైనా మారినప్పుడు మీకే తెలుస్తుంది. బిల్లు తీసుకోండి, తేదీ లేకుండా ఫిర్యాదు చేయలేరు.

బిల్లు దగ్గర చిన్న పేచీ. ఇంజెక్టర్ల పని డబ్బులు నేను వెనక్కిచ్చాను, అది నా తొందరపాటు కాబట్టి. సారు తీసుకోనన్నారు, "క్లీనింగు అయితే అయింది గదా" అని. చివరికి సగం తీసుకున్నారు.

జూలైలో ఆయిలు మార్చడానికి వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు మళ్లీ చూశాను. ఘాట్ ఎక్కిన ప్రతి వారం టిక్కే, అన్నీ మామూలు పెట్రోలుతోనే. పక్కన స్కేలుతో గీసి కొత్తగా ఒక గడి పెట్టారు: "కారుకు చేయించిన పని." అందులో ఆ రోజు రాయించింది ఆయిల్ ఫిల్టరు. గేరు సంగతి అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు, లారీ వెనక ఇంకా నాలుగో గేరులోనే పోతున్నారని నాకు అనుమానం.